ముందు మీ ఊరికి పనికొచ్చే ఒక్క పేజీ చేయండి

బీటెక్ పూర్తయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘అన్నా, వెబ్ డెవలపర్ కావాలంటే ఏ కోర్సు చేయాలి? అమీర్‌పేట పొమ్మంటావా, ఆన్‌లైన్‌లో తీసుకోమంటావా?’ ఖమ్మం నుంచి అడుగుతారు, కొత్తగూడెం నుంచి అడుగుతారు, భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు నుంచి కూడా అడుగుతారు. నా జవాబు విని చాలామంది నిరాశపడతారు. ‘కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఊళ్లో ఎవరికైనా పనికొచ్చే పేజీ ఒక్కటి చెయ్యి’ అంటాను.

తప్పించుకోవడానికి చెప్పే మాట కాదిది. నేను చేసిన ఒక తప్పు వల్ల నేర్చుకున్నది.

గోదావరి నేర్పిన పాఠం

2022 జులై. అప్పటికి ఆరు నెలలుగా ఇంటి దగ్గరే ఉండి వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ కోర్సులు అయ్యాయి. మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒక సినిమా సైటుకు, ఒక షాపింగ్ సైటుకు నకళ్లు కూడా చేశాను. నాకు పని వచ్చేసిందనే అనుకుంటున్నాను.

ఆ నెల గోదావరికి వరదొచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు పిల్లలకు కూడా ఈ మూడు అంకెలు నోటికొచ్చు. వానాకాలంలో ఏ ఇద్దరు కలిసినా ‘ఎంతుందంట?’ అనేదే మొదటి మాట. అధికారులు ప్రకటించే అంకె వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. పొద్దుటి మెసేజీ సాయంత్రం మళ్లీ ఫార్వర్డ్ అవుతుంది. ఏది కొత్తదో, ఏది పాతదో తెలీదు.

ఇదేదో నేను చేయగల పనే అనిపించింది. ఒక్క సాయంత్రంలో పేజీ తయారుచేశాను. పెద్ద అక్షరాల్లో ‘ప్రస్తుత నీటిమట్టం’ అని, కింద అంకె, దాని కింద మూడు హెచ్చరికలకు మూడు రంగులు. అధికారులు ప్రకటించినప్పుడల్లా నేను చేత్తో అంకె మార్చాలి. లింకు చుట్టాల గ్రూపులో పెట్టాను. ‘శభాష్‌రా’ అని పది మంది మెచ్చుకున్నారు. ఉద్యోగం రాలేదన్న బాధ ఆ పూట మర్చిపోయాను.

మర్నాడు బూర్గంపాడు వైపు ఉండే మా చిన్నమ్మ ఫోన్ చేసింది. ‘ఊళ్లో ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారురా. నువ్వు పెట్టినదాంట్లో ఇంకా నలభైతొమ్మిదే ఉంది గదా! ఎవరి మాట నిజం?’ అని అడిగింది.

నా గుండె జారిపోయింది. అప్పటికి నీళ్లు 53 దాటిపోయాయి. నేను అంకె మార్చాను కూడా. కానీ ఆమె ముందు రోజు తెరిచిన పేజీనే ఫోన్‌లో అలా ఉంచి, మళ్లీ మళ్లీ దాన్నే చూస్తోంది. పేజీని కొత్తగా లోడ్ చేయాలని ఆమెకు తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ‘ప్రస్తుత’ అని రాసింది నేను. ఏ రోజు, ఎన్ని గంటలకు అని రాయనిదీ నేనే. ‘చిన్నమ్మా, నా పేజీ వదిలెయ్. వాళ్లు చెప్పినట్టు వెంటనే బయల్దేరు’ అన్నాను. ట్రాక్టర్‌లో వాళ్లు బయటికొచ్చేశారు. అందరూ క్షేమమే. ఆ వరద జులై 16న 71.3 అడుగుల దాకా వెళ్లింది. 1986లో నమోదైన 75.6 అడుగుల తర్వాత భద్రాచలం చూసిన పెద్ద వరద అదే. ఆమె నా పేజీని నమ్మి ఇంకొక్క పూట ఆగి ఉంటే ఏమయ్యేదో తల్చుకోవడానికి ఇప్పటికీ భయమే.

ఆ రాత్రి కూర్చుని పేజీ మార్చాను. అంకె పక్కన తేదీ, సమయం పెట్టాను. అంకె ఇచ్చి మూడు గంటలు దాటితే దాన్ని మాయం చేసి, ‘ఈ సమాచారం పాతబడింది, అధికారుల మాట వినండి’ అని చూపించేలా జావాస్క్రిప్ట్‌లో నాలుగైదు లైన్లు రాశాను. ఇప్పటి సమయంలోంచి అప్పటి సమయం తీసెయ్యడం, తేడా మూడు గంటల కన్నా ఎక్కువా అని చూడటం, నిమిషానికోసారి అదే పని మళ్లీ చేయించడం. అంతే.

అసలు చెప్పాల్సిన విషయం ఇక్కడుంది. తేదీ, సమయాల పాఠం నా కోర్సులో ఉంది. ఆ పాఠం కింద ఇచ్చిన క్విజ్‌లో నాకు పూర్తి మార్కులు వచ్చాయి. కానీ దాన్ని ఎక్కడ వాడాలో ఆ కోర్సు వల్ల నాకు తెలియలేదు, చిన్నమ్మ ఫోన్ చేశాక తెలిసింది.

నకళ్లతో వచ్చే చిక్కు

ఫ్రెషర్ల రెజ్యూమెలు కొన్ని నాకు వస్తుంటాయి, చూసి సలహా చెప్పమని. చాలావాటిలో ప్రాజెక్టుల దగ్గర అవే పేర్లు ఉంటాయి. ఒక సినిమాల సైటుకు నకలు, ఒక షాపింగ్ సైటుకు నకలు, వాతావరణం చూపించే యాప్, చేయాల్సిన పనుల జాబితా. వీడియో చూస్తూ టైప్ చేసినవి. చేతికి అలవాటు పడటానికి ఇవి మంచివే, నేనూ చేశాను. కానీ వాటిని వాడేవాళ్లు ఎవరూ ఉండరు. వాడేవాళ్లు లేనిచోట తప్పు బయటపడదు. తప్పు బయటపడకపోతే నేర్చుకున్నది ఎంతో మనకు తెలీదు.

వెబ్ పుట్టిందే పక్కవాళ్ల అవసరం నుంచి. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనా సంస్థలో తన ప్రతిపాదన రాసింది, అక్కడి శాస్త్రవేత్తల సమాచారం తలోచోట చెల్లాచెదురుగా ఉండి దొరక్కపోవడం చూసే. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ తయారుచేసింది, లైనక్స్ కెర్నల్ పని నడవడానికి తమకే అలాంటిది కావాల్సి వచ్చి. వాళ్లంత పెద్ద పని మన వల్ల కాకపోవచ్చు. కానీ మొదలుపెట్టిన పద్ధతి మనం కూడా పట్టుకోవచ్చు.

మన ప్రాంతంలో అవసరాలకు కరువా? ఏ మండలంలో ఏ రోజు సంత జరుగుతుందో ఒక్కచోట ఉండదు. లోపలి ఊళ్లకు పోయే బస్సు ఎన్నింటికో ఆ ఊరివాళ్లకే తెలుసు. పర్ణశాలకు వచ్చే యాత్రికులకు దారి కావాలి. మిర్చి రైతుకు తన బస్తాల లెక్క, ఖర్చుల లెక్క ఒక్కచోట కావాలి. మీ అమ్మ నడిపే పొదుపు సంఘం లెక్కలు కూడా ప్రాజెక్టే. వీటిలో ఏది చేసినా దాన్ని తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు. ఆ తిట్లే మీకు పాఠాలు.

ఒక ఇంటర్వ్యూలో నన్ను ‘మీ ప్రాజెక్టు ఎవరైనా వాడారా?’ అని అడిగారు. గోదావరి పేజీ గురించి, చిన్నమ్మ ఫోన్ గురించి దాచకుండా చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాతి ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాను, అక్కడ వచ్చింది. కాబట్టి ఊరి ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం ఖాయమని నేననను. కానీ రెండుచోట్లా ఆ ఒక్క పేజీ మీదే పావుగంటకు పైగా మాట్లాడగలిగాను. నా సినిమా సైటు నకలు గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేకపోయేవాణ్ని.

సిగ్నల్ రాని ఊరే మన ల్యాబ్

‘మా దగ్గర నెట్ సరిగా రాదన్నా’ అనేది ఇంకో మాట. నిజమే. అడవిలోకి పోయేకొద్దీ సిగ్నల్ వస్తుంది, పోతుంది. గుట్టెక్కితేనే ఫోన్ కలిసే ఊళ్లు ఉన్నాయి. నేర్చుకునేవాడికి అది కష్టమే. కాదనను.

కానీ మంచి నెట్ ఉన్నవాళ్లకు తొందరగా అర్థంకాని ఒక విషయం మీకు మొదటి రోజే అర్థమవుతుంది. పేజీకి బరువు ఉంటుంది. లెక్క చూడండి. సెకనుకు 400 కిలోబిట్లు అందే నెట్‌లో, ఫోన్‌తో తీసిన 4 ఎంబీల ఫొటో దిగడానికి 80 సెకన్లు పడుతుంది. అదే ఫొటోను 100 కేబీలకు కుదిస్తే 2 సెకన్లు చాలు. హైదరాబాద్‌లో వైఫై మీద కూర్చున్నవాడికి ఈ రెండింటికీ తేడా కనపడదు. చర్లలో ఉన్న మీకు కనపడుతుంది. క్రోమ్ బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం కావాలని తగ్గించి చూసుకునే సదుపాయం ఉంది. మీకు దాని అవసరం తక్కువ.

ఈ అలవాటుకు విలువ ఉంది. ఏ కంపెనీ అయినా తన సైటు చవక ఫోన్‌లో, బలహీనమైన నెట్‌లో కూడా నడవాలనే కోరుకుంటుంది. ‘మా ఊళ్లో రెండు గీతల సిగ్నల్ మీద నా పేజీ ఇన్ని సెకన్లలో తెరుచుకుంటుంది’ అని కొలిచి చెప్పగలిగితే అది రెజ్యూమెలో రాసుకోదగ్గ మాట.

తెలుగు పెడితే తెలిసే సంగతులు

మీ పేజీ తెలుగులో చేయండి. భాషాభిమానం ఒక్కటే కారణం కాదు. తెలుగు పెట్టిన వెంటనే ఇంగ్లిష్ పాఠాల్లో కనపడని సమస్యలు వరసగా వస్తాయి.

జావాస్క్రిప్ట్‌ను ‘భద్రాచలం’ మాటలో ఎన్ని అక్షరాలని అడగండి. 8 అంటుంది. ఒకటో తరగతి పిల్లను అడిగితే భ, ద్రా, చ, లం... నాలుగు అంటుంది. పిల్ల చెప్పిందే మనకు ఒప్పు. కంప్యూటర్ మాత్రం గుణింతాన్ని, పొల్లును, సున్నాను విడివిడిగా లెక్కపెడుతోంది. ఇందులో ఏముందిలే అనుకోకండి. ఒక ఫారంలో పేరు గడికి 15 అక్షరాలే అని హద్దు పెట్టారనుకోండి. ‘సీతారామచంద్రస్వామి’ అని రాయబోతే ‘సీతారామచంద్రస్వ’ దగ్గర ఆగిపోతుంది. చూడటానికి ఎనిమిది అక్షరాల పేరు, కంప్యూటర్ లెక్కలో 18. సగం పేరుతో కార్డు వచ్చిన మనిషికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందో మన ఊళ్లలో చెప్పనక్కర్లేదు.

అలాగే ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్‌లో వరుసల మధ్య ఖాళీ తక్కువ ఉంటుంది. తెలుగు పెడితే కింది ఒత్తులు తర్వాతి వరుస మీద పడతాయి. ఆ ఖాళీ పెంచాలి. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అని చెప్పకపోతే కొన్నిసార్లు అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో రాస్తే, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లకు ఏ భాషలో చదవాలో తెలుస్తుంది. ఇవన్నీ చిన్న సంగతులే, కానీ బిగినర్‌కూ పనివచ్చినవాడికీ తేడా ఇలాంటి చోట్లే కనిపిస్తుంది.

ఏఐ ఉండగా ఎందుకు నేర్చుకోవాలి?

ఈమధ్య అందరూ అడుగుతున్నది ఇదే. ‘కోడ్ అంతా ఏఐ రాసేస్తోంది కదా, మనం నేర్చుకుని ఏం లాభం?’

నేనూ రోజూ ఏఐ వాడతాను. నీటిమట్టం చూపించే పేజీ కావాలంటే అది నిమిషంలో రాసిస్తుంది, నా పేజీ కన్నా అందంగా. కానీ అంకె పాతబడితే ఏం చేయాలని మనం అడగకపోతే, దాని గురించి అది ఆలోచిస్తుందన్న భరోసా లేదు. చిన్నమ్మ ఫోన్ ఎలా వాడుతుందో దానికి తెలీదు, మనకు తెలుసు. ఆ తెలిసింది కోడ్‌లోకి రావాలంటే కోడ్ చదవడం మనకు రావాలి.

అందుకే నేర్చుకునేటప్పుడు నేను చెప్పే పద్ధతి ఇది. ముందు మీరు ప్రయత్నించండి. అరగంటకూ కదలకపోతే ఏఐని అడగండి, ఇంట్లో ఒక సీనియర్ ఉంటే అడిగినట్టు. ‘రాసివ్వు’ అనకండి, ‘ఇది ఎందుకు పనిచేయట్లేదు?’ అనండి. జవాబు అర్థమయ్యాక దాన్ని మూసేసి మళ్లీ మీ చేత్తో రాయండి. మూసేస్తే రాయలేకపోతున్నారంటే అది ఇంకా మీకు రాలేదన్నమాట.

ఇంగ్లిష్ గురించి కూడా ఒక మాట. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎర్రర్ మెసేజీ చూడగానే భయపడిపోతారు. మొదట్లో ఎదురయ్యేవి ఎక్కువగా మళ్లీ మళ్లీ వచ్చే అవే మాటలు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ రాసి, పక్కన తెలుగులో అర్థం, సరిచేసిన పద్ధతి రాసుకోండి. నేను అలా నింపిన నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

డబ్బు దగ్గర జాగ్రత్త

కోర్సులే వద్దని కాదు. క్రమశిక్షణ కోసమో, తోడు కోసమో కొందరికి క్లాసు అవసరం. అమీర్‌పేటలో చేరి బాగుపడ్డవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. నేను వద్దనేది ఏమిటంటే, మొదటి రోజే ఇంట్లోవాళ్లు పత్తి అమ్మిన డబ్బు తీసుకెళ్లి కట్టేయడం. నాకు ఈ పని నచ్చుతుందా అన్నది తెలుసుకోవడానికి రూపాయి అక్కర్లేదు. మొజిల్లా వాళ్ల ఎండీఎన్, 2014 నుంచి నడుస్తున్న ఫ్రీకోడ్‌క్యాంప్ ఉచితమే. గిట్‌హబ్‌లో మామూలు పేజీని ఉచితంగా నెట్‌లో పెట్టుకోవచ్చు. రెండు నెలలు వీటితో గడిపి, చేసిన పేజీ నలుగురికి చూపించాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఫీజు గురించి ఇంట్లో మాట్లాడండి.

‘డబ్బు కట్టండి, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలిస్తాం’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, దొరక్కపోతే రోజూ భయం. మూడేళ్లలో నేర్చుకోవాల్సింది మూడు వారాల్లో రాదు. టీమ్‌లో పక్కన కూర్చున్నవాడికి అది మొదటి వారమే తెలిసిపోతుంది.

ఇంకో చిన్న సలహా. ఊళ్లో షాపుకో, బడికో సైటు చేసిస్తే డొమైన్ పేరు వాళ్ల పేరుమీదే తీసుకోండి. ఏటా ఎంత కట్టాలో, ఎప్పుడు కట్టాలో కాగితం మీద రాసివ్వండి. రేపు మీరు హైదరాబాద్ వెళ్లిపోయినా ఆ సైటు ఆగకూడదు.

ఆరు నెలలు ఇలా పెట్టుకోండి

మొదటి నెల హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్. మీ ఊరి గురించి ఒక పేజీ, మీ ఫోన్‌లోనే కాదు, మీ నాన్న ఫోన్‌లో కూడా సరిగా కనపడాలి. రెండు, మూడు నెలలు జావాస్క్రిప్ట్. ఫ్రేమ్‌వర్క్‌ల జోలికి అప్పుడే పోవద్దు. 1995లో బ్రెండన్ ఐక్ దాని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశాడంటారు, మనకు మాత్రం పది రోజుల్లో రాదు. రెండో నెల నుంచే గిట్ అలవాటు చేసుకోండి. నాలుగో నెల ఊరి అవసరం ఒకటి పట్టుకుని పేజీ చేసి, ఐదుగురి చేతికి ఇవ్వండి. వాళ్లు వాడుతుంటే పక్కన కూర్చోండి, కానీ ‘అక్కడ నొక్కు’ అని చెప్పకండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఐదో నెల అవి సరిచేయడమే పని. ఆరో నెల రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ ఒకటి మొదలుపెట్టి, అదే పేజీని అందులో మళ్లీ చేయండి. అప్పుడు ఫ్రేమ్‌వర్క్ ఎందుకు పుట్టిందో మీకే తెలుస్తుంది.

ఆరు నెలలకు ఉద్యోగం వస్తుందని నేను మాటివ్వలేను. ఫ్రెషర్లకు రోజులు బాగాలేవని మీకూ తెలుసు. ఇంట్లో ఇబ్బంది ఉంటే ఏదో ఒక పని చేసుకుంటూ రోజుకు రెండు గంటలు దీనికి పెట్టండి, తప్పేం లేదు. 2020 డిసెంబరులో ఖమ్మంలో ఐటీ హబ్ మొదలైనప్పుడు మా బ్యాచ్‌లో అందరం సంబరపడ్డాం. అలాంటివి ఇంకా రావాలి, అడవి అంచు మండలాల పిల్లలకూ అందాలి. అవి వచ్చేదాకా ఆగాల్సిన పని మాత్రం లేదు.

ఆ గోదావరి పేజీ ఇప్పటికీ ఉంది. వరద లేని రోజుల్లో దాంట్లో అంకె కనపడదు, ‘ఈ సమాచారం పాతబడింది’ అనే ఉంటుంది. వానాకాలం మొదలవగానే చిన్నమ్మ ఫోన్ చేసి అడుగుతుంది, ‘ఏందిరా, ఈ ఏడు నడుపుతున్నావా?’ అని. ఈమధ్య ఇంకో మాట కూడా కలిపింది. ‘అంకె పక్కన టైమ్ రాస్తున్నావు బాగానే ఉంది గానీ, అక్షరాలు చిన్నగా ఉన్నయి, కళ్లజోడు లేకపోతే కనపడట్లేదు’ అంది. ఆ ఆదివారమే పెద్దవి చేశాను.